గిర్మిట్ కాగితం చదివిన మనిషి – దీనబంధు ఆండ్రూస్

ప్రతి ఏడూ మన సంఘం పుస్తకంలో ఒక పెద్దాయన జీవితం గురించి ఎవరో ఒకరు రాస్తుంటారు. ఈసారి నన్ను రాయమన్నారు. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, పదకొండేళ్లుగా ఇక్కడ గల్ఫ్‌లో సైట్ల మీద పనిచేస్తున్నవాణ్ని. రచయితను కాను. తప్పులుంటే మన్నించండి.

నేను రాసేది ఒక తెల్లాయన గురించి. పేరు చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్. మన పెద్దలు దీనబంధు ఆండ్రూస్ అనేవాళ్లు. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో గాంధీ గారి స్నేహితుడు అని ఒక లైను చదివి వదిలేసిన పేరు. మళ్లీ ఆ పేరు నాకు ఎక్కడ తగిలిందంటే, రెండేళ్ల కింద మా సైటుకి ఫిజీ దేశం నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. చూస్తే మనోడే. పేరు చివర తెలుగు పేరే ఉంది. కానీ ఒక్క ముక్క తెలుగు రాదు. ఏ ఊరయ్యా మీది అంటే, మా ముత్తాత గిర్మిట్‌లో వచ్చాడు, ఊరు ఏదో మాకు తెలియదు అన్నాడు. గిర్మిట్ అంటే ఏంటని అడిగితే అగ్రిమెంట్ అన్నాడు. అగ్రిమెంట్ అనడం రాని మన కూలీల నోట్లో పడి అది గిర్మిట్ అయ్యింది. ఆ గిర్మిట్‌ను ఆపించిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన మనిషి ఆండ్రూస్ అని కూడా అతనే చెప్పాడు. అప్పటినుంచి దొరికిన పుస్తకమల్లా చదివాను.

పుట్టుక, చదువు

ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో పుట్టారు. తండ్రి ఒక చిన్న క్రైస్తవ శాఖలో పాదిరి. తల్లికి కొంత ఆస్తి ఉండేది. నమ్మిన స్నేహితుడే ఆ డబ్బును ముంచేశాడు. దాంతో ఇల్లు బీదరికంలో పడింది. నమ్మినవాడు ముంచితే ఎట్లా ఉంటుందో ఆయనకు చిన్నప్పుడే ఇంట్లోనే తెలిసింది.

బర్మింగ్‌హామ్‌లో బడి, కేంబ్రిడ్జ్‌లో కాలేజీ చదువు. అక్కడ ఉండగానే పెట్టుబడిదారుకీ పనివాడికీ మధ్య గొడవలో మతం ఎటు నిలబడాలన్న విషయం మీద వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నారు. పుస్తకం రాసి ఊరుకోలేదు. దక్షిణ లండన్‌లో వాల్‌వర్త్ అనే బీదవాడలో కొన్నేళ్లు మకాం పెట్టి కూలీనాలీ జనం మధ్య పనిచేశారు. 1897లో పాదిరి అయ్యారు.

ఢిల్లీలో పనిచేస్తున్న ఆయన ప్రాణస్నేహితుడు ఒకాయన 1900లో కలరాతో చనిపోయారు. ఆయన వదిలిన చోటుకి తాను వెళ్లాలనుకుని, 1904లో ఆండ్రూస్ ఢిల్లీ వచ్చి సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో పంతులుగా చేరారు. రెండేళ్లకు ప్రిన్సిపాల్ పోస్టు ఖాళీ అయితే పైవాళ్లు ఆండ్రూస్ వైపు చూశారు. కాలేజీలో ఎన్నో ఏళ్లుగా పాఠాలు చెబుతున్న సుశీల్ కుమార్ రుద్ర అనే భారతీయుడు ఉండగా, నిన్నగాక మొన్న వచ్చిన నేను ఆ కుర్చీలో ఎట్లా కూర్చుంటానని ఆయన ఒప్పుకోలేదు. 1906లో రుద్ర గారే ప్రిన్సిపాల్ అయ్యారు. తెల్లతోలు చూసి ప్రమోషన్ ఇచ్చే ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. పాస్‌పోర్ట్ రంగును బట్టి జీతం కట్టే చోట పనిచేస్తున్న మనకు ఆ విలువ బాగా తెలుసు.

గిర్మిట్ అంటే ఏంది

ఆండ్రూస్ చేసిన పని అర్థం కావాలంటే ముందు గిర్మిట్ గురించి తెలియాలి.

బ్రిటిష్ రాజ్యంలో నల్లజాతి బానిసత్వాన్ని 1833లో చట్టం చేసి, 1834 నుంచి ఎత్తేశారు. బానిసలు పోతే చెరుకు తోటల్లో పని ఎవరు చేస్తారు? తోటల యజమానులు మన దేశం వైపు చూశారు. అయిదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకుని ఓడల్లో తోలుకుపోవడం మొదలైంది. మొదట మారిషస్, తర్వాత గయానా, ట్రినిడాడ్, నటాల్, చివర్లో ఫిజీ. 1834 నుంచి 1917 వరకు ఇట్లా వెళ్లినవాళ్లు పది లక్షలకు పైమాటే. ఒక్క మారిషస్‌కే నాలుగున్నర లక్షల మంది.

ఇందులో మనోళ్లు తక్కువేం కాదు. గోదావరి పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్లను మారిషస్‌లో కోరంగీలు అనే పిలిచారు. ఊరి పేరు పోయి రేవు పేరు మిగిలింది. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి 1860 నుంచి 1911 దాకా లక్షా 52 వేల మంది వెళ్తే, ఎక్కువ మంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లే. అందులో తమిళులతో పాటు విశాఖ, గంజాం, గోదావరి వైపు తెలుగువాళ్లు బాగా ఉన్నారు. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 60 వేల మందిని తోలారు. 1903 నుంచి మద్రాసు ఓడలు కూడా ఫిజీకి పోయాయి.

పని జరిగే తీరు ఇది. తోటలవాళ్లకు మన దేశంలో ఏజెంట్లుండేవాళ్లు. వాళ్ల కింద సబ్ ఏజెంట్లు. వాళ్ల కింద ఊళ్లలో, సంతల్లో, రైల్వే స్టేషన్లలో, గుళ్ల దగ్గర తిరిగే దళారులు. ఉత్తరాదిలో వీళ్లను అర్కాటీలు అనేవాళ్లు. తలకు ఇంత అని కమీషన్. ఆడమనిషిని తెస్తే ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే ప్రతి 100 మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లుండాలని రూలు. కరువులో ఉన్నోడు, ఇంట్లో గొడవపడి వచ్చినోడు, అత్తింట్లో పడలేక బయటికొచ్చిన ఆడది, దారి తప్పిన యాత్రికుడు – ఇట్లాంటివాళ్లే దొరికేది. ఫిజీ అంటే కలకత్తా పక్కనే అని చెప్పినవాళ్లున్నారు. ఎన్ని వేల మైళ్ల సముద్రం దాటాలో ఓడెక్కాకే తెలిసింది.

తర్వాత మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఇష్టపడే వెళ్తున్నావా అని అడుగుతాడు. ఏది అడిగినా అవును అని చెప్పు అని దళారి ముందే నేర్పి పెడతాడు. అవును అంటాడు. వేలిముద్ర పడుతుంది. చట్టం ప్రకారం అంతా సక్రమం.

ఇది చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు అడిగితే విజిట్ కోసం పోతున్నా అని చెప్పు అని ఏజెంట్ నేర్పి పంపినవాళ్లు మన క్యాంపుల్లో ఎంతమంది లేరు!

డర్బన్ రేవులో

1913లో దక్షిణాఫ్రికాలో గాంధీ గారి సత్యాగ్రహం పెద్దదైంది. గిర్మిట్ పూర్తయ్యాక కూడా అక్కడే ఉండే కూలీ ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలి. దానికి ఎదురుతిరిగి గనుల్లో, తోటల్లో వేల మంది పని ఆపేశారు. మన దేశంలో గోఖలే గారు వాళ్ల కోసం చందాలు వసూలు చేస్తుంటే, ఆండ్రూస్ తాను దాచుకున్న డబ్బంతా తెచ్చి ఇచ్చేశారు. డబ్బుతో పాటు నువ్వు కూడా వెళ్లు అన్నారు గోఖలే. స్నేహితుడు పియర్సన్‌ను వెంటబెట్టుకుని వెళ్లారు.

1914 జనవరి 2న డర్బన్ రేవులో దిగారు. గాంధీ గారు ఎక్కడ అని చూస్తే, తల గొరిగించుకుని గిర్మిట్ కూలీల ముతక బట్టల్లో ఉన్న ఒక చిన్న మనిషిని చూపించారు. కాల్పుల్లో చనిపోయిన కూలీల కోసం గాంధీ గారు అట్లా ఉన్నారు. ఆండ్రూస్ అందరి ముందూ వంగి ఆయన కాళ్లకు దండం పెట్టారు. ఒక తెల్లవాడు నల్లవాడి కాళ్లు ముట్టుకోవడమా అని అక్కడి తెల్లవాళ్లు, పేపర్లవాళ్లు మండిపడ్డారు. ఆయన పట్టించుకోలేదు. గాంధీ గారికీ జనరల్ స్మట్స్‌కీ మధ్య రాజీ మాటల్లో సాయపడ్డారు. ఆ ఏడాదే ఆ 3 పౌన్ల పన్ను రద్దయింది. ఆయన అక్కడుండగానే ఇంగ్లండులో తల్లి చనిపోయింది. చివరి చూపు దక్కలేదు. పరాయి దేశంలో ఉండి ఆ కబురు విన్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, నేను వేరే చెప్పక్కర్లేదు.

నటాల్‌లోనే ఇంకొకటి జరిగింది. తోట నుంచి పారిపోయి వచ్చిన ఒక కూలీని చూశారు. వీపంతా దెబ్బల వాతలు. ఓదార్చడానికి ఆండ్రూస్ దగ్గరికి వెళ్తే, తెల్లమొహం చూసి మళ్లీ కొడతాడేమోనని ఆ మనిషి ముడుచుకుపోయాడు. ఆ మొహం ఆండ్రూస్‌ను వదల్లేదు. తిరిగొచ్చి టాగోర్ గారి శాంతినికేతన్‌లో చేరాక, 1915లో కలరా వచ్చి చావు దాకా వెళ్లి కోలుకున్నారు. ఆ రోజుల్లో కూడా అదే మొహం కళ్లముందు కనిపించిందని, అందుకే ఫిజీ వెళ్లాలనుకున్నానని తర్వాత రాసుకున్నారు.

ఫిజీలో చూసింది

ఫిజీ సంగతి అప్పటికే కొంత బయటికొచ్చింది. తోతారామ్ సనాఢ్య అనే ఆయన ఫిజీలో 21 ఏళ్లు ఉండి వచ్చి 1914లో హిందీలో పుస్తకం వేశారు. కుంతి అనే కూలీ స్త్రీ ఓవర్సీరు నుంచి మానం కాపాడుకోవడానికి నదిలో దూకి బతికిన కథ దేశమంతా తెలిసింది. అంతకుముందు 1912లోనే గిర్మిట్ ఆపాలని గోఖలే గారు కౌన్సిల్‌లో తీర్మానం పెడితే, సర్కారు మెంబర్లే ఎక్కువ ఉండబట్టి ఓడిపోయింది. ఇప్పుడు కావాల్సింది ఏంటంటే, ఎవరూ కొట్టిపారేయలేని లెక్కలు. కళ్లతో చూసి, కాగితం మీద పెట్టిన లెక్కలు.

1915 చివర్లో ఆండ్రూస్, పియర్సన్ ఫిజీ చేరారు. సర్కారు పంపిన కమిటీ కాదు, సొంతంగా వెళ్లినవాళ్లు. తోటల వెంట తిరిగారు. కూలీల లైన్లలోకి వెళ్లి మాట్లాడారు. మేనేజర్లనూ డాక్టర్లనూ మేజిస్ట్రేట్లనూ కలిసి వాళ్ల మాటా విన్నారు. ఆ తోటల్లో పెద్దది ఆస్ట్రేలియాకు చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ.

ముందుగా కాగితం చదివారు. గిర్మిట్‌లో రాసింది ఇది. అయిదేళ్లు పని. మామూలు రోజుల్లో 9 గంటలు, శనివారం 5 గంటలు. మగవాడికి రోజుకి ఒక షిల్లింగు, అంటే 12 అణాలు. ఆడమనిషికి 9 పెన్సులు. మన ఊళ్లో 12 అణాలంటే అప్పట్లో మంచి కూలీ. కానీ ఫిజీలో తిండి, బట్ట ధరలు ఎట్లా ఉంటాయో కాగితంలో లేదు. అది కూడా రోజుకి ఇంత అని కొలిచి ఇచ్చిన పని పూర్తి చేస్తేనే. పూర్తి కాకపోతే కోత. ఎంత కొలిచి ఇవ్వాలన్నది ఓవర్సీరు ఇష్టం. అయిదేళ్లు అయ్యాక సొంత ఖర్చుతో తిరిగి పోవచ్చు. పదేళ్లు ఉంటే టికెట్టు వాళ్లే ఇస్తారు.

ఇక కాగితంలో లేనిది. పనికి రాకపోతే, పని పూర్తి చేయకపోతే అది నేరం. జరిమానా, జైలు. మామూలుగా అయితే పని ఎగ్గొడితే కూలీ పోతుంది, అంతే. ఇక్కడ మనిషే జైలుకి పోతాడు. ఈ ఒక్క ముక్క వేలిముద్ర వేసే చోట ఎవరూ చదివి వినిపించలేదు. ఆండ్రూస్ తన రిపోర్టులో గట్టిగా పట్టుకున్నది దీన్నే. తెలియని షరతుకు ఒప్పుకోవడం ఒప్పుకోవడమే కాదు అన్నది ఆయన వాదన. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించేదీ ఇదే. అప్పటిదాకా తోటలవాళ్లు, సర్కారువాళ్లు చెప్పిన మాట ఒకటే, ఇష్టపడి సంతకం చేశారు కదా అని. కాగితం చదివి, ఆ మాట ఎంత డొల్లో చూపించాడు ఈయన.

లైన్ల కొలతలు చూడండి. ఒక గది 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు మగవాళ్లు, లేదంటే పిల్లలతో ఒక జంట. వంట అందులోనే, కట్టెలందులోనే, పడక అందులోనే. మధ్య గోడ పైకప్పు దాకా ఉండదు, పైన జాలీ. పక్క గదిలో దగ్గినా వినపడుతుంది. 70 చదరపు అడుగులకు ముగ్గురంటే మనిషికి 23 అడుగులు. మన సైట్లలో సిమెంటు బస్తాలకు అంతకంటే ఎక్కువ జాగా ఇస్తాం.

ఆడవాళ్లు తక్కువ, మగవాళ్లు ఎక్కువ. కుటుంబం అన్న మాటకు చోటు లేదు. దాంతో కొట్లాటలు, కత్తిపోట్లు, ఉరితీతలు. ఆత్మహత్యలు మన దేశంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువని లెక్కలు తీసి చూపించారు. కూలీలు ఆ లైన్లను నరకం అని పిలిచేవాళ్లు. ఆడవాళ్ల గురించి ఆండ్రూస్ రాసిన కొన్ని మాటలు ఇప్పుడు చదివితే కటువుగా ఉంటాయి. శీలం, శీలం అంటూ పాదిరి కళ్లతో చూశారనిపిస్తుంది. అయినా ఆ పాపం ఎవరిదో మాత్రం ఆయన తప్పు చెప్పలేదు. మనుషులను అట్లా కుక్కిన పద్ధతిదే అన్నారు.

ఇంకో సంగతి ఉంది. ఇది రాయడానికి నాకు కొంచెం కష్టంగా ఉంది. తోటలో పైన తెల్ల ఓవర్సీరు, కూలీలు అతన్ని కొలంబర్ అనేవాళ్లు. అతని కింద సర్దార్. సర్దార్ మనోడే. మన భాషే, మన ఊరివైపు మనిషే. పని కొలిచేది, తెల్లారకముందే లేపేది, కొట్టమంటే కొట్టేది అతనే. లంచం తీసుకుని తేలిక పని ఇచ్చేది, ఇవ్వకపోతే గట్టి నేల చూపించేది కూడా అతనే. సూపర్‌వైజర్ అని నా ఐడీ కార్డు మీద రాసి ఉంది. దానికి పాత పేరు సర్దార్.

మాట ఇచ్చి తప్పితే

ఫిజీ వదలక ముందే ఆండ్రూస్ తోటల యజమానుల ముందే కూర్చుని తాను చూసింది చెప్పారు. చాటుగా రాయలేదు. 1916 ఫిబ్రవరిలో రిపోర్టు బయటికొచ్చింది. మార్చిలో ఢిల్లీ కౌన్సిల్‌లో పండిత మదన్ మోహన్ మాలవీయ గిర్మిట్ రద్దు తీర్మానం పెట్టారు. వైస్రాయ్ హార్డింజ్ ఒప్పుకున్నాడు. దేశమంతా పండగ చేసుకుంది. వేరే ఏర్పాటు అయ్యేదాకా కొంత టైము కావాలి అన్న ముక్క మాత్రం అందులో ఉంది.

ఆ కొంత టైము ఎంతో ఆండ్రూస్ తర్వాత కనుక్కున్నారు. ఇంకో అయిదేళ్లపాటు కూలీలను పంపేలా లండన్‌లో లోపలి ఒప్పందం ఉందని తేలింది. అంటే ఇంకా వేల మంది వేలిముద్రలు. ఆయన మళ్లీ రోడ్డెక్కారు. ఊరూరా తిరిగి మీటింగుల్లో చెప్పారు, పేపర్లలో రాశారు. 1917 జనవరిలో అలహాబాద్‌లో మన హైదరాబాద్ ఆమె సరోజినీ నాయుడు ఈ విషయం మీద మాట్లాడారు. ఆడవాళ్లు బయటికొచ్చి వైస్రాయ్‌ని కలిశారు. ఓడలు ఆగాలి, మే 31 ఆఖరి తేదీ అని గాంధీ గారు గడువు పెట్టారు. ఆ గడువు రాకముందే, 1917 మార్చిలో, యుద్ధకాలపు చట్టం కింద సర్కారు కూలీలను పంపడం ఆపేసింది. ఫిజీకి చివరి ఓడ అప్పటికే 1916 నవంబరులో చేరింది. ఆ తర్వాత ఇంకో ఓడ పోలేదు.

కొత్తవాళ్లు ఆగారు సరే, లోపల ఉన్నవాళ్ల సంగతేంటి? ఆండ్రూస్ 1917లో మళ్లీ ఫిజీ వెళ్లారు. ఆస్ట్రేలియా వెళ్లి అక్కడి జనానికి, మీరు తాగే టీలో పంచదార ఎట్లా తయారవుతుందో చూడండి అన్న అర్థంలో చెప్పారు. అక్కడి మహిళా సంఘాలు కదిలి తమ తరఫున ఒకామెను ఫిజీ పంపి విచారణ చేయించాయి. ఆమె రిపోర్టు కూడా ఆండ్రూస్ చెప్పిందే చెప్పింది. చివరికి 1920 జనవరిలో ఫిజీలో మిగిలిన గిర్మిట్లన్నీ రద్దు చేశారు. మొదటి ఓడల నుంచి లెక్కేస్తే 86 ఏళ్ల కథ.

చివరి దాకా అదే దారి

అక్కడితో ఆయన ఇంటికెళ్లి కూర్చోలేదు. 1921లో అస్సాం టీ తోటల నుంచి వేల మంది కూలీలు తోటలు వదిలేసి ఇళ్లదారి పట్టి, చాంద్‌పూర్ రేవు దగ్గర ఇరుక్కుపోతే, ఆకలి, కలరా మధ్య వాళ్లతో ఉన్నారు. తూర్పు ఆఫ్రికా, గయానా – మన కూలీలు ఎక్కడుంటే అక్కడికి వెళ్లారు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యారు. 1936లో మరోసారి ఫిజీ వెళ్లి, ఒకప్పటి గిర్మిట్ కూలీల పిల్లలు బడికి పోవడం చూశారు.

సొంతానికి ఏమీ ఉంచుకోలేదు. పెళ్లి లేదు, ఇల్లు లేదు. ఎవరైనా కోటు ఇస్తే అది ఇంకొకరి ఒంటి మీద కనిపించేది. బట్టలు వేసుకోవడం కూడా సరిగా రాదని స్నేహితులు నవ్వేవాళ్లు. 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో ఆయన కన్ను మూశారు. సమాధి కూడా అక్కడే, లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానంలో. నూరేళ్ల జయంతికి 1971లో మన సర్కారు ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

మన లెక్క

గిర్మిట్ పోయింది. మరి అది చేసే పని పోయిందా? అంతర్జాతీయ కార్మిక సంస్థ, మరో రెండు సంస్థలు కలిసి వేసిన అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో 5 కోట్ల మంది ఆధునిక బానిసత్వంలో ఉన్నారు. అందులో 2 కోట్ల 76 లక్షల మందిది బలవంతపు చాకిరీ. గొలుసులు ఉండవు. ఆ సంస్థ 11 గుర్తులు చెప్పింది. మోసం చేసి తేవడం, పాస్‌పోర్ట్ దాచుకోవడం, జీతం ఆపడం, అప్పులో కట్టేయడం, బయటికి పోనివ్వకపోవడం, బెదిరించడం, ఓవర్‌టైమ్ పేరుతో పిండడం – ఇవన్నీ అందులోవే. 2000 సంవత్సరంలో ఐక్యరాజ్యసమితిలో మనుషుల అక్రమ రవాణా మీద ఒప్పందం చేశారు. మోసంతో రాబట్టిన ఒప్పుకోలు చెల్లదని అందులో రాశారు. ఆండ్రూస్ 1916లో చెప్పిన మాటే.

ఇప్పుడు నా మాట చెబుతాను. ఒక కంపెనీలో నాకు కొత్తగా సూపర్‌వైజర్ పోస్టు ఇచ్చిన ఏడాది. కొత్త బ్యాచ్ దిగింది. పాస్‌పోర్టులు వసూలు చేసి ఆఫీసులో ఇవ్వు అన్నారు. చాలా గల్ఫ్ దేశాల్లో అట్లా ఉంచుకోవడం చట్టప్రకారం తప్పే. అయినా సంతకాలు పెట్టించుకుని వసూలు చేశాను. కొన్ని నెలలకు మన జిల్లా పిల్లాడు ఒకడు గురువారం రాత్రి నా రూముకి వచ్చాడు. బాపు చనిపోయిండు, నా పాస్‌పోర్ట్ ఇప్పియ్యి అన్నా అని ఏడ్చాడు. ఆఫీసు మూసి ఉంది. ఫోన్లు చేశాను, ఎత్తినవాడు లేడు. శనివారం పొద్దున కుదరదా తమ్మీ అన్నాను. శనివారం నాటికి ఊళ్లో దహనం అయిపోయింది. పెద్ద కొడుకు వాడు. కొరివి మేనమామ పెట్టాడు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా అని పిలవడం మాత్రం మానేసి సార్ అనడం మొదలుపెట్టాడు.

ఆండ్రూస్ పుస్తకంలో సర్దార్ గురించి చదివినప్పుడు నాకు ఆ పిల్లాడి మొహమే కనిపించింది. నేను కొట్టలేదు, లంచం తినలేదు. కానీ కాగితం నా చేతులమీదుగానే పోయింది. పైనోడు చెప్పిండు, నేను చేసిన అని ఫిజీలో సర్దార్ కూడా అనుకుని ఉంటాడు.

అప్పటినుంచి రెండు పనులు పెట్టుకున్నాను. ఎవరి పాస్‌పోర్టూ నా చేత్తో తీసుకోను. ఈ మాట ఇప్పటి మేనేజర్‌కి చేరిన రోజే చెప్పాను, కొంచెం గొణిగి ఊరుకున్నాడు. రెండోది, కొత్త బ్యాచ్ దిగిన మొదటి శుక్రవారం అందరినీ మెస్సులో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి కాంట్రాక్టూ తెలుగులో చదివి వినిపిస్తాను. బేసిక్ ఎంత, తిండి అలవెన్సు ఎంత, ఓవర్‌టైమ్ ఎట్లా లెక్క, సెలవు ఎప్పుడు, టికెట్టు ఎవరిది. ఊళ్లో ఏజెంట్ చెప్పిన జీతానికీ కాగితంలో ఉన్నదానికీ తేడా అక్కడే బయటపడుతుంది. చాలామందికి ఆ రోజే మొదటిసారి తెలుస్తుంది, తాము దేనిమీద సంతకం పెట్టారో. ఓడ దిగాక చదివితే ఏం లాభం అంటారా? నిజమే. అందుకే ఊళ్లో ఉన్న మీ తమ్ముళ్లకు, బావమరుదులకు ఫోన్లో చెప్పండి. విమానం ఎక్కకముందే కాంట్రాక్టు ఫోటో తీసి పంపమనండి. ఏజెంట్‌కి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడమనండి. లైసెన్సు ఉన్న ఏజెంట్ 30 వేలు, దానిమీద జీఎస్టీ దాటి తీసుకోకూడదని మన సర్కారు రూలు. లక్షలు అడిగితే అక్కడే ఆగమనండి. విజిట్ వీసా మీద పనికి పొమ్మంటే అసలే వద్దనండి.

మన సంఘం ఆఫీసులో శుక్రవారం సాయంత్రాలు నేను, ఇంకో ఇద్దరు మిత్రులు ఉంటాం. కాంట్రాక్టు తెండి, ఏ భాషలో ఉన్నా ముగ్గురం కలిసి చదివి చెబుతాం. మేస్త్రీలు, ఫోర్‌మన్లు, నాలాంటి సూపర్‌వైజర్లు కూడా రండి. ముందుగా రావాల్సింది మనమే.